కోడె నిచ్చువాడు కసవు నీయవలదా?

శ్రీ గురు బసవేశ్వరాయ నమః



కల్యాణపురమున బిజ్జలుని కొలువులో మంత్రియై యున్న బసవేశ్వరుని ఆవులను దొంగలు తోలుకొనిపోయిరని పెద్దలు చెప్పుదురు. ఇంటివారు గగ్గోలు పెట్టిరి. బసవన్న కొట్టములో మిగిలిన లేగలను చూచి, తల్లులు లేక ఇవి ఎట్లు బ్రదుకునని తలచి, వానిని గూడ ఆవులవెంట పంపుడని ఆనతిచ్చెనట. సొమ్ము పోయిన వేళ ఎవనికైనను తన నష్టమే ముందు తోచును. బసవన్నకు లేగల ఆకలి ముందు తోచినది. దయ యనగా ఏమో ఈ యొక్క కథ చాలును.

13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో రచించి, బసవన్నను నందీశ్వరుని అవతారముగా కీర్తించెను. తెలుగునాట నేటికిని ఎద్దును బసవన్న యనియే పిలుతురు. గురువు పేరు పెట్టి పిలుచు ప్రాణి ఏమి తినుచున్నది, ఎక్కడ నిలుచుచున్నది యని విచారించుట శరణులకు విధి కాదా?

విశాఖపట్టణమునకు చేరువనున్న సింహాచలమున స్వామికి కోడెదూడలను సమర్పించు మ్రొక్కు కలదు. తెలంగాణమున వేములవాడ రాజరాజేశ్వరునకును కోడెమ్రొక్కు ప్రసిద్ధము. పూర్వము కోడె రైతుకు సంపద. నాగలి దున్నుటకును బండి లాగుటకును అదియే ఆధారము. అంతటి విలువైన దానిని దేవునికిచ్చెను గనుక అది త్యాగమైనది. నేడు ట్రాక్టరు వచ్చి ఎద్దుపని తగ్గినది. పాలీయని కోడెను మేపుట దండుగ యనువారు పెరిగిరి. అట్టివారిలో కొందరు పాలు మరువని లేగను తెచ్చి గుడికడ విడిచి, మ్రొక్కు తీరినదని చేతులు దులుపుకొనుచున్నారు. ఇంట బరువైనదానిని గుడికి తోలుట దానమగునా? 2025లో వేములవాడ గోశాలలో కోడెలు మరణించిన వార్త భక్తలోకమును కలతపెట్టినది. కోడెలను రైతులకు పంచు కార్యమును అక్కడ సాగినది. ఇచ్చిన చేయి కసవును గూర్చి తలపనిచో, పుచ్చుకొన్న గోశాల ఎంతకని మోయగలదు?

లేగ కడుపు తీరు తెలిసినవారికి ఈ మాట కటువుగా తోపదు. పుట్టిన కొలది గంటలలోనే జున్నుపాలు త్రాగినగాని లేగకు రోగములను తట్టుకొను శక్తి రాదు. రెండు మూడు నెలల వరకు దాని పెద్దపొట్ట గడ్డిని చక్కగా అరిగించుకొనజాలదు. అట్టి పసిప్రాణిని తల్లిపొదుగునుండి విడదీసి, పచ్చగడ్డి ముందు కట్టి, దేవుడే చూచుకొనునని పోవుట భక్తి కాదు. దొంగలవెంట పోయిన తల్లులకే లేగలను చేర్చ జూచిన గురువును కొలుచువారు, దేవుని పేర తల్లిని లేగను విడదీయవచ్చునా?

ఇక నేల సంగతి. విశాఖలో 1933లో నౌకాశ్రయము తెరువబడినది. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. దానికై వేలాది యెకరముల నేల సేకరింపబడినది. వేలమందికి అన్నము పెట్టిన పరిశ్రమలను నిందించుట తగదు. అయితే నగరము పెరిగిన కొలది ఊరి బీళ్ళును మందబయళ్ళును తరిగినవి. పశువు మాత్రము మిగిలినది. అది వీథులలో తిరిగి, చెత్తకుండీలో ఎంగిలి మెతుకులతో ముడివేసిన ప్లాస్టిక్ సంచిని మ్రింగుచున్నది. ఆ సంచి అరుగదు. పొట్టలో ఉండకట్టి, మేతకు చోటు లేకుండ జేసి, కడుపు నిండినట్లు కనబడు పశువును ఆకలితోనే చంపును.

పల్లెలలో మిగిలిన బీళ్ళనైనను కాపాడుకొనవలెను. మున్నూరు కిలోల బరువుగల పశువునకు దినమునకు సుమారు 25 కిలోల పచ్చిమేత కావలెను. అనగా ఏడాదికి తొమ్మిది టన్నులు. బీడు ఎంత గడ్డి నీయగలదో లెక్కింపక మందను పెంచినచో మొదట గడ్డి పోవును, పిదప కొండవాలు మన్ను వానకు కొట్టుకొనిపోవును, తుదకు మందయు పోవును. గడ్డికి వేరును పోషించునది ఆకు. ఆకును మొదలంట మేపినచో వేరు క్షీణించును. కావున తొలకరికి మొలచిన లేతగడ్డిపై మందను వదలరాదు. బీటిని నాలుగు భాగములు చేసి, ఒకటి మేయునప్పుడు తక్కిన మూటికి విశ్రాంతి నీయవలెను. గడ్డి నాలుగంగుళములు మిగిలియుండగనే మందను మరలింపవలెను.

బసవన్న బోధించిన కాయక దాసోహములు ఇందే యున్నవి. ఒడలు వంచి న్యాయముగా చేయు పని కాయకము. దాని ఫలమును పంచి, మిగిలినదానిని ప్రసాదముగా గ్రహించుట దాసోహము. పశువులను మేపుట కాయకమైనచో, బీటిలో ఆ నాలుగంగుళముల గడ్డిని విడుచుట నేలకు చేయు దాసోహము. అంతయు మేపినవాడు రేపటి పశువు నోటి ముద్దను నేడే తీసినవాడగును.

మరి మ్రొక్కు మానిన దోషము రాదా యని కొందరడుగవచ్చును. మ్రొక్కు మానుమని ఎవరును చెప్పుట లేదు. నిండుగా తీర్చుమనియే చెప్పుట. కోడెను తల్లిపాలు మరచువరకు ఇంటనే పెంచి తేవలెను. తెచ్చునాడు దానితో ఏడాది కసవును, కాదేని దాని వెలను సమర్పింపవలెను. అంతటి శక్తి లేనివాడు గోశాలకు ఒక మోపు గడ్డి నిచ్చినను దేవుడు తక్కువగా నెంచడు.

ఊరి బీడు అన్యాక్రాంతము కాకుండ గ్రామసభలో నోరు విప్పుటయు పూజయే. 2011 జనవరి 28న సుప్రీంకోర్టు గ్రామముల ఉమ్మడి భూములలోని ఆక్రమణలను తొలగించి, ఆ భూములను గ్రామములకు మరల అప్పగింపవలెనని రాష్ట్రముల నాదేశించినది. న్యాయము పలికిన మాటను నిలుపవలసినవారు ఊరివారే. పట్టణవాసులు చెత్తకుండీలో ఎంగిలిని సంచిలో ముడివేసి పారవేయకున్న, అదియు ఒక ప్రాణికి చేసిన మేలే.

శివాలయమున నంది చెవిలో కోరిక చెప్పుకొనుట మనకు అలవాటు. గుడి వెలుపల డొక్కలెండి నిలిచిన బసవన్న నోరులేనివాడు; వాని కోరికను అడుగకయే తెలిసికొనువాడు శరణుడు.

శివార్పణమస్తు.