సూదిలో దారం ఎక్కించిందెవరు?

మా అత్తగారి రోజుల్లో బొంత కుట్టడం ఒక పని కింద లెక్కే కాదు. మధ్యాహ్నం భోజనాలై, వంటిల్లు సర్దుకున్నాక, మెత్తబడ్డ నేతచీరలు నాలుగైదు ఒకదానిమీద ఒకటి వసారాలో పరిచేవారు. అంచులకి టాకాలు వేసి, ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ కూర్చుని కుట్టుకుంటూ మధ్యకి వచ్చేవారు. వాళ్ళు మధ్యలో కలుసుకునేసరికి ఊళ్ళో కబుర్లన్నీ పూర్తయ్యేవి. ఆ బొంత ఎవరు కుట్టారని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఇప్పుడు మన బీరువాల నిండా పాలియెస్టరు చీరలే. అవి మెత్తబడవు, చెమట పీల్చవు, బొంతకి పనికిరావు. "గంతకు తగ్గ బొంత" అన్న సామెత పెళ్ళిళ్ళలో ఇంకా వినబడుతోంది గానీ, బొంతే కనబడడం లేదు.

అందుకని పోయిన శీతాకాలంలో, అన్నవరంలో మా వీధి ఆడవాళ్ళం పధ్నాలుగుమందిమి బొంతల పోటీ పెట్టుకున్నాం. "నువ్వు కథలు రాస్తావుగా, రూల్సు కూడా నువ్వే రాయి" అని నాకు అప్పగించారు. రూల్సు రాయడం నవల రాయడంకన్నా కష్టమని అప్పటికి నాకు తెలీదు.

నాలుగే రాశాను. చంటిపిల్లకి సరిపడే బొంత కావాలి. ఇంట్లో ఉన్న పాతబట్టలే వాడాలి. అందరికీ ఇచ్చే పసుపుమీద ఎర్రచుక్కల నూలుగుడ్డ, తలా ఒక మీటరు, అందులో ఎక్కడైనా కనబడాలి. నాలుగోది, ఎవరి బొంత వాళ్ళే సొంత చేత్తో కుట్టాలి. గడువు నలభై రోజులు. మొదటి బహుమతి స్టీలు క్యారేజీ.

నాలుగో రూలు ఎందుకు పెట్టానో మీకు అర్థమయ్యే ఉంటుంది. డబ్బిస్తే రెండు రోజుల్లో కుట్టిపెట్టే టైలర్లు ఉన్నారు. డబ్బున్నవాళ్ళ బొంతా, లేనివాళ్ళ బొంతా పక్కపక్కన పెట్టి చూడడం అన్యాయం కదా అనుకున్నాను.

నలభయ్యో రోజున మా హాలంతా బొంతలే. ఒకే గుడ్డ పధ్నాలుగు రకాలుగా మారిపోయింది! ఒకావిడ దాన్ని మామిడిపిందెలుగా కత్తిరించింది. ఇంకొకావిడ చుట్టూ అంచు కట్టింది. ఒకమ్మాయి మూలకి దాచేసి, "రంగు నచ్చలేదు ఆంటీ" అంది. రిటైరైన టీచరుగారు మాత్రం ఆ గుడ్డని కొయ్యకుండా కిటికీలా నడిమధ్యన కుట్టారు. "కొయ్యడానికి మనసొప్పలేదమ్మా" అన్నారు. ఆవిడ ఒంటరి మనిషి. రాత్రి వార్తలయ్యాక కూర్చుని, అద్దాలు తుడుచుకుంటూ కుట్టారట.

అన్నింటిలోకీ గొప్పగా ఉన్నది మూడోయింటి పిన్నిగారిది. డెబ్భై దాటిన మనిషి. చీమలు బారు కట్టినట్టు కుట్టు ఎక్కడా వంకర పోలేదు. అందరం ఒక్కమాటగా ఆవిడకే అనుకున్నాం. అంతలో ఆవిడే మురిసిపోతూ, "సూదిలో దారం మా కోడలే ఎక్కించిందే అమ్మాయ్! నాకు కనబడి చావదుగా! మూలలు మడిచి టాకాలు కూడా అదే వేసింది" అన్నారు.

హాలు నిశ్శబ్దమైపోయింది. అందరూ నావైపు చూశారు.

రూలంటే రూలే అన్నారు కొందరు. పెద్దావిడ, పోనిద్దురూ అన్నారు ఇంకొందరు. నేను ఆలోచించి, రాసిన మాటకి కట్టుబడి క్యారేజీ టీచరుగారికి ఇచ్చాను. పిన్నిగారు ఏమీ అనుకోలేదు, నవ్వేశారు. గుమ్మంలో నిలబడ్డ కోడలు మాత్రం, "అయితే నేను చేసింది తప్పా అండీ?" అంది.

ఆ ప్రశ్న ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

డబ్బిచ్చి కొన్న సాయాన్ని ఆపాలని నేను గీసిన గీత, ప్రేమతో చేసిన సాయానికి అడ్డం తగిలింది. అసలు చేతిపని ఎప్పుడైనా ఒక్క చేతిదా? మన నర్సాపురం లేసు చూడండి. ఒక ఇంట్లో పువ్వులల్లుతారు, ఇంకో ఇంట్లో అతుకుపని చేస్తారు. ఆ లేసు తయారీదార్ల మీద మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో పుస్తకమే రాసింది. అయినా బల్లమీద పరిచిన ఆ లేసుగుడ్డ ఏ అమ్మ అల్లిందో మనకి తెలీదు. అమెరికా పల్లెల్లో కూడా వెనకటికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒక చట్రం చుట్టూ చేరి ఒకరి బొంత అందరూ కలిసి కుట్టేవారు.

మా రత్నగిరి కొండమీద వ్రతాలు చూసే ఉంటారు. మంటపంలో వరసగా ఎన్నో జంటలు కూర్చుంటాయి. పురోహితుడు చెప్పగానే ఎవరి గోత్రం, ఎవరి పేరు వాళ్ళు చెప్పుకుంటారు. తన పేరుతో మొదలుపెట్టిన సంకల్పంలోకే ఇంటిల్లిపాదినీ కలుపుకుంటారు. పేరు ఒకరిది, ఫలం అందరిదీ. దేవుడి దగ్గర లేని పేచీ నా కాగితం మీద ఎందుకొచ్చింది?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నా మొదటి నవల రాసేటప్పుడు పిల్లలు చిన్నవాళ్ళు. మా ఆడపడుచు మూడు నెలలు మా ఇంట్లో ఉండి, "నువ్వు రాసుకో వదినా" అంటూ వంటిల్లు తన చేతుల్లోకి తీసుకుంది. నవల అచ్చయింది. అట్టమీద నా పేరొక్కటే ఉంది. నేను ఆవిడకి ఇచ్చిందల్లా ఒక కాపీ. నా సూదిలో దారం ఎక్కించిన మనిషికి ఒక్క అక్షరం ఇవ్వనిదాన్ని, పిన్నిగారి కోడలి విషయంలో న్యాయమూర్తినయ్యాను!

అలాగని రూలు కొట్టేస్తే సరిపోతుందా? అప్పుడు టీచరుగారి మాటేమిటి? కోడళ్ళూ కూతుళ్ళూ ఉన్న ఇళ్ళకి సాయం దానంతటదే వస్తుంది. ఎవరూ లేని ఆవిడకి ఆ రూలొక్కటే అండ. సాయాన్ని మెచ్చుకునే తొందరలో, సాయం దొరకనివాళ్ళని మనం మళ్ళీ వెనక్కి నెడుతున్నామేమో! అందుకే నా తీర్పు తప్పని ఇప్పటికీ అనుకోను. తప్పు నేను రాసిన వాక్యంలో ఉంది. సాయం తీసుకోవడం దోషం కాదు, దాచడం దోషం. పిన్నిగారు దాచలేదు. దాచింది నేను, అది కూడా ఇన్నేళ్ళు.

ఈ ఏడు మళ్ళీ పోటీ పెడుతున్నాం. ఈసారి నాలుగో రూలు మార్చాను. ప్రతి బొంతకీ ఒక చీటీ. అందులో రెండు గీతలు. పై గీతమీద కుట్టినవారి పేరు, కింది గీతమీద సాయపడినవారి పేరు. రెండూ పైకి చదువుతాం. ఒంటిచేత్తో కుట్టినవాళ్ళకి ఒక బహుమతి, కలిసి కుట్టినవాళ్ళకి ఒకటి. ఇప్పుడన్నా అందరికీ న్యాయం చేశానని సంబరపడుతూ చీటీ మొదట టీచరుగారికే చూపించాను.

ఆవిడ అద్దాలు సవరించుకుని చదివారు. కింది గీతమీద వేలుపెట్టి, "ఇది నాకు ఖాళీయే కదమ్మా" అన్నారు.

నాకు నోట మాట రాలేదు.

"పోనీలే, ఖాళీగానే ఉంచి ఇస్తాను. అది కూడా చదువు" అన్నారావిడ.