మూడో కాలు

మహాశివరాత్రి బ్రహ్మోత్సవాల్లో ఒక సాయంత్రం శ్రీశైలం మల్లన్న, భ్రమరాంబ భృంగి వాహనమెక్కి ఊరేగుతారు. ముందు డోళ్లు, శంఖాలు, కోలాటం, చెక్కభజన. ఎలుగుతోలు టోపీ పెట్టుకుని డమరుకం వాయించే గొరవయ్యలు. ఈ కొండ మీద దేవుడి చుట్టూ అంతమంది ఆడుతుంటే, ఆ దేవుణ్ణి మోస్తున్నవాడు ఎవరని అడిగేవాళ్లు తక్కువ. భృంగి కూడా ఆటగాడే. పురాణం అతనికి మూడు కాళ్లు పెట్టింది.

ఆ మూడో కాలు వచ్చిన కథ చిత్రమైనది. శివుడికి తప్ప ఇంకెవరికీ మొక్కనన్నది భృంగి పట్టుదల. పార్వతిని వదిలేసి ప్రదక్షిణ చేశాడు. ఇద్దరూ అర్ధనారీశ్వరులై ఒకే ఒంట్లో నిలిస్తే, తుమ్మెదగా మారి నడుమ తొలుచుకుని శివుడి సగం చుట్టూనే తిరగబోయాడు. అమ్మవారికి కోపం వచ్చింది. ఒంట్లో రక్తమాంసాలు తల్లి ఇచ్చినవి కదా, వాటిని వెనక్కి తీసేసుకుంది. భృంగి ఎముకల గూడై కూలబడ్డాడు. అప్పుడు శివుడు జాలిపడి మూడో కాలిచ్చాడు.

పోయిన కండ మాత్రం తిరిగి రాలేదు. ఆ ఎముకల గూడుతోనే, ఆ అదనపు కాలితోనే భృంగి శివుడి ముందు ఆడాడు. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కదలకుండా నిలుస్తుందని వంటింట్లో అందరికీ తెలుసు. 16వ శతాబ్దిలో కట్టిన లేపాక్షి ఆలయ నాట్యమండపంలో ఒక స్తంభం మీద రంభ ఆడుతుంటుంది. ఆమెకు ఆట నేర్పే గురువు ఈ మూడుకాళ్ల భృంగే.

శాస్త్రం లెక్క వేరు. కూచిపూడి, భరతనాట్యం నేర్చుకునే పిల్లలు వల్లె వేసే నందికేశ్వరుడి 'అభినయ దర్పణం' నర్తకిని 'పాత్ర' అంటుంది. ఎవరు పాత్రకు తగరో పది గుర్తులు కూడా చెబుతుంది: కంట్లో పువ్వు, పలచని జుట్టు, దళసరి పెదవులు, జారిన రొమ్ములు, మరీ లావు, మరీ బక్క, మరీ పొడుగు, మరీ పొట్టి, గూని, గొంతు లేకపోవడం. ఆనంద కుమారస్వామితో కలిసి 1917లో ఈ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినవాడు మన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యే. చీరాల-పేరాల ఉద్యమంలో ఊరికి ఊరినే కదిలించిన నాయకుడు.

పాత్ర అంటే గిన్నె కూడా. పాత్రత అంటే అర్హత. ఆట దేవుడికి నైవేద్యమైనప్పుడు గిన్నె ఆకారం ఎవరు చూస్తారన్నది అసలు చిక్కు. సభనూ సభాపతినీ ఎదురుగా పెట్టుకుని రాసిన పుస్తకం చూసేవాళ్ల కంటికి కొలత ఇచ్చింది. గుడి ముందరి ఆటకూ ఆ కొలతే తెచ్చుకోవాలా? సొట్టబిందెలోనూ నీళ్లు నిలుస్తాయని కరువు ఎరిగిన ఈ రాయలసీమలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు.

తెలుగు ప్రేక్షకులు ఈ ప్రశ్నను 1985లో తెర మీద చూశారు. 1981 నాటి బస్సు ప్రమాదంలో గాయపడి కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్, 'జైపూర్ కాలు' అనే కృత్రిమ కాలు పెట్టుకుని మళ్లీ భరతనాట్యం ఆడింది. సింగీతం శ్రీనివాసరావు తీసిన 'మయూరి'లో తన కథను తనే నటించింది. చెప్పుల్లేకుండా నడవడానికీ, బాసింపట్టు వేసుకోవడానికీ వీలుగా తయారైన కాలు అది. ఆమె పట్టుదల ముందు ఎవరైనా తల వంచాల్సిందే. ఒక్క సందేహం మాత్రం మిగిలింది. చూసేవాళ్లు చప్పట్లు కొట్టింది ఆ కాలు చేసిన పనికా, అది అసలు కాలిలాగే కనిపించినందుకా?

లండన్‌లో 1991లో మొదలైన కాండోకో నృత్యసంస్థ ఇంకో దారి పట్టింది. స్థాపకుల్లో ఒకరైన సెలెస్ట్ డాండెకర్ 1973లో వేదిక మీదే పడి వెన్నెముక దెబ్బతిన్న నర్తకి. ఆరితేరిన నర్తకులూ చక్రాల కుర్చీల్లోని వాళ్లూ కలిసి ఆడే ఆ ప్రదర్శనల్లో కుర్చీని దాచే పని లేదు. చక్రం తిరగడమే అక్కడ ఒక అడుగు. దానికి లండన్ దాకా పోనక్కర్లేదనే పెద్దలూ ఉంటారు. నాట్యమే వృత్తిగా ఉన్న కలావంతులు క్షేత్రయ్య పదాన్ని కూర్చునే అభినయించేవారు. కనుబొమ, మెడ, వేలి కొస కదిలితే చాలు, పదం నిలబడేది. వయసు మళ్లినా ఆ అభినయానికి లోటు రాలేదు.

కర్మ మాట ఎత్తకుండా ఈ చర్చ ముందుకు సాగదు. 'ఏ జన్మలో ఏం చేసుకున్నాడో' అన్న మాట ఇప్పటికీ రచ్చబండ మీద వినిపిస్తుంది. భృంగి కథలోనూ అమ్మవారి శాపం ఉంది, నిజమే. కానీ శివుడు అక్కడ పాపం లెక్క తేల్చుకుంటూ కూర్చోలేదు. పడ్డవాడు లేవడానికి ఏం కావాలో చూశాడు. కర్మ సిద్ధాంతాన్ని నమ్మేవాళ్లు కూడా ఈ కథలో దేవుడి పక్షాన నిలబడాలంటే కాలు ఇచ్చే పనిలోకి దిగాల్సి వస్తుంది.

జడకోలాటం ఆడే చోట కాసేపు నిలబడితే ఆ పని ఎలాంటిదో తెలుస్తుంది. పైన కట్టిన తాళ్ల కొసలు తలా ఒకటి పట్టుకుంటారు. ఒకరు లోపలికి, ఒకరు బయటికి దాటుతుంటే నడుమ జడ పడుతుంది. అదే కోపు (అడుగుల వరస) వెనక్కి ఆడితే విడిపోతుంది. ఒక్కరు తొందరపడినా తాళ్లు చిక్కుపడతాయి. వలయంలో పదేళ్ల పిల్ల పక్కన మోకాళ్ల నొప్పుల అవ్వ ఉంటే, తాళం వేసేవాడి కన్ను అవ్వ అడుగు మీదే ఉండాలి. "నిదానం అవ్వా, నువ్వు దాటినాకనే మేము" అంటుంది పక్కామె. అక్కడ దయ ఊసే ఉండదు. జడ సరిగ్గా పడాలంటే అలాగే ఆడాలి.

ఈ వలయాలు అందరినీ కలుపుకున్నాయని చెబితే మాత్రం అబద్ధమవుతుంది. కడప సీమలో తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య (1408-1503), పైకులం వాడు తొక్కే నేలా, అంటరానివాడని తోసేసినవాడు తొక్కే నేలా వేరు కాదని తన తందనాన కీర్తనలో తేల్చాడు. ఆ పాటకు కోలాటం ఆడే ఊళ్లలోనే రామాలయం ముందరి భజనలోకి దళితవాడ అడుగును చాలాకాలం రానివ్వలేదు. పీర్ల పండగనాడు గుండం చుట్టూ హిందువులూ ముస్లింలూ కలిసి అడుగేసే పల్లెల్లో కూడా, నడవలేనివాళ్లకు దక్కేది అరుగు మీద చోటే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించే వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది. అందరూ పాల్గొనేలా కళల పాఠాలను మార్చాలని 29వ సెక్షన్‌లో రాసింది. ఆ మార్పు కోలాటంలోకి రావాలంటే కోపు కట్టే గురువు చేతుల మీదుగానే రావాలి. శ్రీశైలం ఊరేగింపులో దారి పక్కన మూడు చక్రాల బండిలో కూర్చుని చేత్తో తాళం వేసే మనిషికి ఒక జత కర్రలు ఇచ్చారనుకుందాం. ఎవరు ఎటు దాటాలో గురువు మళ్లీ లెక్క వేసుకోవాలి. కర్రకు కర్ర తగలాలంటే నిలబడ్డవాళ్లు నడుము కొంచెం వంచాలి. బండి తిరిగేదాకా తాళం ఒక్క మాత్ర ఆగాలి.