ఇష్టమైన క్షేత్రం ఉండవచ్చా?

దేవుడు అంతటా ఉన్నాడని ఒప్పుకున్న మనిషి ఏటేటా అదే కొండకు, అదే రేవుకు ఎందుకు వెళతాడన్నది తీర్థయాత్రల మీద వచ్చిన ప్రశ్నల్లో పాతది. యాత్ర చేస్తే పుణ్యం వస్తుందా అన్న విషయం మీద పురాణాలు పుంఖానుపుంఖంగా చెప్పాయి. ఒక చోటును మరో చోటు కంటె ఎక్కువగా ఇష్టపడటం భక్తి కిందికి వస్తుందా, బంధం కిందికి వస్తుందా అన్నది మాత్రం అంత తేలిగ్గా తెమలలేదు.

సన్యాసి విషయంలో శాస్త్రం కచ్చితంగానే ఉంది. పరివ్రాజకుడు పల్లెలో ఒక రాత్రి, పట్టణంలో ఐదు రాత్రులు మించి ఉండరాదు. వానాకాలంలో మాత్రం చాతుర్మాస్యం పేరిట ఒకచోట ఆగవచ్చు. ఈ నియమం వెనుక మనుషుల స్వభావం బాగా తెలిసినవాళ్లున్నారు. ఆరో రోజుకు ఏ ఇంట చిక్కటి మజ్జిగ పోస్తారో, ఏ అరుగు మీద గాలి తగులుతుందో తెలిసిపోతుంది. ఇల్లు వదిలి వచ్చినవాడికి మళ్లీ ఒక ఇల్లు ఏర్పడుతుంది. అయితే ఇదే సంప్రదాయంలో క్షేత్రసన్యాసం కూడా ఉంది. కాశిలో అడుగుపెట్టి, ఇక ప్రాణం ఉన్నంతవరకు ఆ పొలిమేర దాటనని వ్రతం పట్టడం అది. ఎక్కడా ఆగనివాడినీ, ఒకచోటి నుంచి కదలనివాడినీ ఒకే నోటితో విరక్తులని పొగడటంలో శాస్త్రానికి ఏ ఇబ్బందీ కలగలేదు.

ఈ చిక్కును తెలుగులో అందరికంటె రసవత్తరంగా చూపినవాడు శ్రీనాథుడు. స్కాందపురాణం నుంచి ఆయన తెనిగించిన కాశీఖండంలో అగస్త్యుడు కాశిని విడిచి దక్షిణానికి రావలసి వస్తుంది. వింధ్యపర్వతం సూర్యుడి దారికి అడ్డంగా పెరిగిపోతోంది, దాన్ని అణచమని దేవతలు వచ్చి వేడుకున్నారు. లోకం కోసం చేసే పనే అయినా, ఊరు విడిచేటప్పుడు ఆ మహర్షి మామూలు గృహస్థులాగే బెంగపడతాడు. వ్యాసుడి సంగతి ఇంకా విచిత్రం. కాశిలో కొన్నాళ్లు భిక్ష దొరక్కపోయేసరికి ఆ పుణ్యక్షేత్రాన్నే శపించబోయి, శివుడి ఆగ్రహానికి గురై వెళ్లిపోవలసి వచ్చింది. వేదాలను విభజించినవాడికీ ఆకలి వేసినప్పుడు ఊరి మీదే కోపం వచ్చింది. శ్రీనాథుడి భీమేశ్వరపురాణంలో ఆ వ్యాసుడు గోదావరి సీమకు, దక్షారామానికి చేరతాడు. ఒక క్షేత్రం కాదన్నవాడికి మరో క్షేత్రం దొరికింది.

ఆ కవి పేరు చెప్పి పల్నాడులో ఇప్పటికీ నవ్వుకుంటారు. ఇక్కడి రాళ్లు, జొన్నకూడు, నీటి కరువు మీద విసుక్కున్న చాటువులు ఆయనవేనని ప్రసిద్ధి. పల్నాటి వీరచరిత్ర కర్తగా ప్రసిద్ధుడైనదీ ఆయనే. కొన్ని చోట్లు ముక్తినిస్తాయని గ్రంథాలు రాసినవాడికి కొన్ని చోట్లు చిరాకు తెప్పించడంలో వింత లేదు. నేలకు గుణం ఉంటుందని నమ్మినప్పుడు రెండు రకాల గుణాలనూ నమ్మవలసిందే.

మాచర్లకు వెళ్లే దారిలో ఉన్న రెంటచింతల ఈ వాదానికి మంచి పరీక్ష. వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ కాసే ఊళ్ల జాబితాలో దాని పేరు తరచు ఉంటుంది. నడికుడి–మాచర్ల రైలు మార్గంలో అదొక స్టేషను. నాగార్జునసాగర్‌కో, ఎత్తిపోతల జలపాతానికో పోయేవాళ్లు కిటికీలోంచి చూసి దాటిపోయే ఊరు. పరివ్రాజకుడి నియమానికి ఇంతకంటె అనువైన చోటు ఉండదు, మే నెలలో అక్కడ రెండో రాత్రి గడపాలన్న ఆశ ఎవరికీ పుట్టదు. కానీ అక్కడ పుట్టి పెరిగినవాడికి ఆ ఊరు ఇష్టమవడానికి స్థలపురాణం అక్కర్లేదు, చెట్టు నీడా అక్కర్లేదు. ఇష్టం చోటు మహిమ నుంచి పుడుతుందన్న వాదన ఇక్కడ నిలబడదు, అది అలవాటు నుంచి కూడా పుడుతుంది. సన్యాసిని ఆరో రోజు నుంచి కాపాడాలనుకున్నవాళ్లు భయపడింది దీనికే.

మరి యాత్రాఫలం ఎవరికి? మహాభారతం అరణ్యపర్వంలోని తీర్థయాత్రా ఘట్టం దీనికి సూటిగా జవాబిస్తుంది. యజ్ఞాలు చేయడానికి ధనం, పరికరాలు, పరివారం కావాలి. తీర్థయాత్రకు కాళ్లు చాలు, కనుక పేదవాడికి అది యజ్ఞాన్ని మించినది. అయితే చేతులు, కాళ్లు, మనసు అదుపులో ఉన్నవాడికే ఆ ఫలం. కాశీఖండం ఇంకొంచెం ముందుకు పోతుంది. సత్యం, ఓర్పు, ఇంద్రియనిగ్రహం, దయ వంటివే మానసతీర్థాలని చెప్పి, నీటిలో పుట్టి నీటిలో చచ్చే ప్రాణులకు స్వర్గం రాదు కదా అని గుర్తుచేస్తుంది. గంగలో మునగడమే చాలితే ముందు వరుసలో చేపలే ఉండాలి. అంతమాత్రం చేత నేల మీది తీర్థాలను అది కొట్టిపారెయ్యదు. శరీరంలో కొన్ని అవయవాలు మిగతావాటికంటె పవిత్రమైనట్టే భూమి మీద కొన్ని చోట్లూ పవిత్రమైనవి, మనసులోనూ నేల మీదా రెండు చోట్లా స్నానం చేసినవాడే ధన్యుడు అంటుంది. యాత్రలను ఎద్దేవా చేసిన వేమన మొదటి సగాన్ని ఒప్పుకుని రెండో సగాన్ని వదిలేశాడు. కాలినడకన అలసిన భక్తుడికి కాశీఖండం మాటే ఎక్కువ ఊరట.

యాత్రలో సరదా దోషమా అన్నది ఇంకో అడుగు. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం చదివితే ఈ అనుమానం ఆ కాలంలో ఎవరికీ లేదని తెలుస్తుంది. శివరాత్రికి శ్రీశైలం చేరిన జనం పాటలు, ఆటలు, బొమ్మలాటలతో జాగరం చేస్తారు. ఉపవాసమూ వినోదమూ ఒకే రాత్రిలో ఉన్నాయి. తెలుగులో తొలి యాత్రాగ్రంథంగా పేరొందిన కాశీయాత్ర చరిత్ర కూడా ఇలాంటిదే. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. దేవుళ్ల దర్శనాలతోపాటు దారుల బాగోగులు, నీటి వసతి, బజార్లలో దొరికే సరుకులు ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు. పుణ్యం లెక్క పైవాడికి వదిలి, మజిలీల లెక్క తాను చూసుకున్నాడన్నమాట. ఎత్తిపోతలలో ఈ కలగలుపు ఇప్పటికీ కనిపిస్తుంది. చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే చోట ఫొటోలు దిగేవాళ్లూ, అక్కడి దత్తాత్రేయుణ్ణి కొలిచేవాళ్లూ ఉంటారు. చాలాసార్లు ఇద్దరూ ఒక్కరే.

బౌద్ధంలో ఈ ప్రశ్న వేరే రూపంలో వచ్చింది. పుట్టిన చోటు, బోధ కలిగిన చోటు, మొదటి ఉపదేశం చేసిన చోటు, పరినిర్వాణం పొందిన చోటు, ఈ నాలుగూ చూడదగినవని బుద్ధుడు చెప్పినట్టు మహాపరినిబ్బాన సుత్తం. చూసినవాడికి కలగవలసింది సంబరం కాదు, అనిత్యం తెలిసి మనసు కదలడం. క్రీస్తుశకం 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల విజయపురి, అంటే నేటి నాగార్జునకొండ, అలా దూరదేశాల భిక్షువులకు గమ్యమైంది. వీరపురుషదత్తుడి కాలంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం సింహళ భిక్షువుల గురించి చెబుతూ కాశ్మీరం, గాంధారం, చీనా, యవన దేశాల పేర్లు కూడా ఎత్తుతుంది. 1955లో పునాది పడి 1967లో ప్రారంభమైన నాగార్జునసాగర్ ఆ లోయను ముంచింది. తవ్వి తీసిన కట్టడాల్లో కొన్నిటిని కొండ మీదికి, కొన్నిటిని అనుపుకు తరలించి మళ్లీ కట్టారు. పవిత్రత నేలదైతే అది నీటి అడుగున ఉంది. ఇటుకలదైతే కొండెక్కింది. అనిత్యాన్ని బోధించిన మతానికి ఇది పెద్ద చిక్కేమీ కాదు.

అదే కృష్ణ మీద శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు హిందూ దేవాలయాల విషయంలో రెండు తీర్పులూ అమలయ్యాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి మార్చారు. ముచ్చుమర్రి దగ్గరి సప్తనదీ సంగమేశ్వరం మునిగినచోటే ఉండిపోయింది, నీరు తగ్గే ఎండాకాలంలో భక్తులు వెళ్లి వేపదారు లింగాన్ని కొలుస్తారు. భక్తుల ఆదరణ రెండింటికీ ఉంది కనుక, జనం ఈ వాదాన్ని తీర్చే పని పెట్టుకోలేదని అనుకోవాలి.

రెంటచింతలలో రోమన్ కాథలిక్కులు చాలాకాలంగా ఉన్నారు. వారి మతంలోనూ ఈ ప్రశ్న పాతదే, చోటు మారితే దేవుడు దగ్గర కాడని 4వ శతాబ్దంలోనే నిస్సాకు చెందిన గ్రెగరీ జెరూసలేము యాత్రల గురించి రాశాడు. అయినా ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు విజయవాడ గుణదల కొండ మేరీమాత భక్తులతో నిండుతుంది. వారిలో కొబ్బరికాయలు కొట్టి, తలనీలాలిచ్చే హిందువులూ ఉంటారు.

పల్నాడులోని కారెంపూడిలో జరిగే వీరుల ఉత్సవం వీటన్నిటికీ భిన్నమైన యాత్ర. కార్తీక అమావాస్యతో మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో ఐదు రోజులు సాగుతుంది. వీరాచారవంతులు తమ పూర్వులైన వీరుల ఆయుధాలను, అంటే కొణతాలను, ఊరూరి నుంచి మోసుకొస్తారు. ఇక్కడ భక్తుడు దైవాన్ని చూడటానికి ఒక్కడే పోడు, తన ఇంట కొలిచేదాన్ని వెంట తీసుకుని పోతాడు. ఇష్టమైన చోటు ఇల్లా, కారెంపూడా అని అడిగే అవసరం అతనికి రాదు. మందపోరు నాడు పల్నాటి వీరచరిత్రలోని బ్రహ్మనాయుడి చాపకూడును తలచుకుంటూ కులాల ఎడం లేకుండా ఒకే చాప మీద భోంచేస్తారు. దారిలో ఎవరితో కలిసి తిన్నారన్నది యాత్రాఫలంలో భాగమని పురాణాలు గట్టిగా చెప్పలేదు. పల్నాడు దాన్ని ఐదు రోజుల పండుగలో మూడో రోజున పెట్టుకుంది.