స్వస్థత పొందిన తరువాత
ధ్యాన భాగము: 2 రాజులు 20:1–11, 2 దినవృత్తాంతములు 32:24–25



హిజ్కియా రాజు చావుకు దగ్గరైనప్పుడు కన్నీళ్లతో ప్రార్థించెను. దేవుడు అతనికి మరి 15 సంవత్సరముల ఆయుష్షు నిచ్చెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. ప్రార్థన ఆలకించిన దేవుడే మందును వాడించెను. అయితే స్వస్థుడైన పిమ్మట ఆ ఉపకారమును తలంచుకొని బ్రదుకుట హిజ్కియా మరచెను. స్వస్థత పొందుట ఒక మేలు. దానిని కాపాడుకొనుట మరియొక బాధ్యత.

1954లో అమెరికాలోని బోస్టన్ నగరమున ఒక సహోదరుడు తన మూత్రపిండమును తన కవల సహోదరునికిచ్చెను. వారు అచ్చుగ్రుద్దినట్టి కవలలు గనుక ఆ శరీరము దానిని తనదిగానే యెంచెను. మన దేశములో 1971లో రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో మూత్రపిండ మార్పిడి సఫలమాయెను. అట్టి కవలలు కానివారి శరీరము క్రొత్త అవయవమును పరాయిదని త్రోసివేయజూచును. అందుచేత వారు ప్రతిదినము మాత్రలు మ్రింగవలెను.

ఆ మాత్రలలో ప్రెడ్నిసోలోన్ అనునది అవయవమును కాచును గాని ఎముకను పలుచన చేయును. అది క్రొత్త ఎముక కట్టు కణముల పనిని మందగింపజేయును. ఆహారములోని కాల్షియమును ప్రేగులు చక్కగా గ్రహింపనియ్యదు. మొదటి సంవత్సరములో ఈ నష్టము అధికము. మూత్రపిండ వ్యాధితో చిరకాలము బాధపడినవారి ఎముకలు అంతకు మునుపే బలహీనమై యుండును. చెదపట్టిన దూలము పైకి గట్టిగానే కనబడును. బరువు పడిన దినమున విరుగును. ఎముకయు అట్టిదే. నొప్పి యుండదు, నూతిగట్టున కాలు జారిననాడు తుంటి విరుగును.

ఇక్కడ కొందరు తప్పిపోవుదురు. ప్రార్థించితిమి గదా, ఇక మాత్రలెందుకని ఒకరు మానుదురు. ఎముకలు చెడునను భయముతో మరియొకరు మానుదురు. మానినచో అవయవమే పోవును. దానిని ఇచ్చినదెవరు? కన్నతల్లియో, తోడబుట్టినవాడో, తమవానిని పోగొట్టుకొని యేడ్చుచున్న యొక కుటుంబమో! మన శరీరమునకు క్రీస్తు వెల చెల్లించెను గనుక అది మన సొంతము కాదని పౌలు కొరింథు సంఘమునకు బోధించెను. అవయవము పొందినవానికి ఆ బోధ రెండింతలు వర్తించును.

కాబట్టి వైద్యుడు చెప్పనిదే ఏ మాత్రయు మానకుడి, తగ్గింపకుడి. ఎముకల గట్టిదనము తెలుపు డెక్సా పరీక్షను, కాల్షియము, విటమిన్ డి రక్తపరీక్షలను గూర్చి ఆయన నడుగుడి. కాచిన పాలు, పెరుగు, రాగిజావ ఎముకకు మేలు చేయును. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియమున్నది. అయినను ఎవరికెంత తగునో, కాల్షియము మాత్రలు వలయునో లేదో రక్తపరీక్ష చూచి వైద్యుడే చెప్పవలెను. ప్రతిదినము నడువుడి. చుట్ట, బీడీ, సారా విడువుడి. పసరు మందులు ఆసుపత్రి మాత్రల పనిని చెరుపవచ్చును. గజ్జలోగాని తుంటిలోగాని వెన్నులోగాని నొప్పి పుట్టినచో వాతమని ఊరకుండక చూపించుకొనుడి.

సంఘమా, నీకును పని యున్నది. అట్టి సహోదరుడు ధాన్యపు బస్తా ఎత్తబోయినప్పుడు నీ భుజమిమ్ము. పట్నపు ఆసుపత్రికి అతనితోకూడ బస్సెక్కుము. సాయంకాలపు ఆరాధనకు గుడిమెట్లయొద్ద దీపముంచుము. బరువులు పంచుకొనుట క్రీస్తు మనకిచ్చిన నియమమే గదా!

ప్రార్థన: ప్రభువా, నీవు పొడిగించిన దినములను నిర్లక్ష్యముచేత పోగొట్టుకొనకుండ మాకు బుద్ధి దయచేయుము. ఇచ్చినవారిని ఆశీర్వదించుము; పొందినవారిని కృతజ్ఞతలో నిలుపుము. యేసు నామమున, ఆమేన్.