ముగింపు తెలిసిన పుస్తకం



సూళ్లూరుపేటలో చెన్నై లోకల్ ఎక్కేవాళ్లను చూడండి. కొత్తవాళ్లకు దిగే స్టేషన్ మీదే ధ్యాస. గుమ్మిడిపూండి వచ్చిందా, పొన్నేరి దాటిందా అని ఒకటే ఆదుర్దా. రోజూ వెళ్లేవాళ్లు మాత్రం తీరిగ్గా కిటికీలోంచి చూస్తుంటారు. చదివిన పుస్తకం మళ్లీ చదవడమూ అంతే.

హ్యారీ పోటర్ చివరి నవల 2007లో వచ్చింది. అప్పుడు పిల్లలంతా ఒకే ప్రశ్నతో చదివారు. హ్యారీ బతుకుతాడా? ఇప్పుడు జవాబు తెలుసు. అందుకే దారి కనిపిస్తుంది.

హ్యారీ బడి కథల్లో ఈ నవల ఆఖరిది. తీరా చూస్తే, హ్యారీ, అతని ఇద్దరు స్నేహితులూ ఈసారి చదువుకోవడానికి బడికే వెళ్లరు! అడవుల్లో గుడారం వేసుకుని, ఆకలితో ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ తిరుగుతారు. కొందరికి అది సాగదీత. నాకైతే పుస్తకానికి ప్రాణం అదే.

ఇంకొకటి. మొదటి నవల ఆటలో హ్యారీ నోటికి చిక్కిన బంగారు బంతి గుర్తుందా? ఆఖరి నవలలో అది మళ్లీ అతని చేతికొస్తుంది. పెదవులకు తాకిస్తే దాని మీద అక్షరాలు మెరుస్తాయి. ముగింపు కోసం పరుగెత్తే కళ్లకు ఇలాంటివి ఆనవు.

మీ పిల్లల అలమరలో ఆ పుస్తకం ఉంటే ఈ ఆదివారం తీయండి. ముగింపు తెలుసు కదా, తొందరేం లేదు.