నాలుగు వందల బక్క ఆవులు

టేపులో పద్నాలుగేళ్ళ కుర్రాడు. మా టీచర్ నన్ను అందరి ముందూ పొగుడుతుంది, అన్నాడు. ఆ వెంటనే చిన్న చప్పుడు. నేను దాని పక్కన 'నవ్వు' అని రాసి ముందుకు పోయాను.

"అది నవ్వు కాదు ప్రొఫెసర్," అంది నా దగ్గర పనిచేసే డిగ్రీ మూడో ఏడు అమ్మాయి, హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీంచి జరిపి. "పళ్ళ సందులోంచి గాలి పీల్చాడు. మా అమ్మ ముందు నేనలా చేస్తే ఆ పూట నాకు మూడినట్టే." తనే చేసి చూపించింది. మనం 'ప్చ్' అంటామే, దానికన్నా పొడుగు, దానికన్నా పొగరు. వాళ్ళలాంటి నల్లజాతి ఇళ్ళల్లో అది ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదట.

ఒహాయోలో పంతొమ్మిదేళ్ళుగా కౌమార మనస్తత్వం పాఠం చెబుతున్నదాన్ని. ముందు వారమే, టేపుల్లోని మాటలకి మేమిద్దరం విడివిడిగా వేసిన కోడ్‌లు ఎంత కలిశాయో లెక్కేస్తే, దాన్ని కొలిచే కోహెన్ కప్పా అడుగున తేలింది. ఈ పిల్ల తన పేట పిల్లల మాటల్లో తననే చూసుకుంటోంది, అందుకే లెక్క చెడింది అనుకున్నాను. ఇప్పుడు పాత టేపులు మళ్ళీ విన్నాం. నేను 'సంతోషం' కింద వేసినవాటిలో తొమ్మిది చోట్ల ఉన్నది ఈ చప్పుడే.

పొంగిపోయి ఒక మాటన్నాను: "నువ్వు ఆ పేట పిల్లల్లాంటిదానివి కాదమ్మా. నీలాంటివాళ్ళు అరుదు."

బదులివ్వలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటూ మెల్లగా ఆ చప్పుడు చేసింది. ఈసారి నవ్వనుకునే వీల్లేదు.

తెనాలిలో మా నాన్నగారికి ఛాందోగ్య ఉపనిషత్తులోని సత్యకామ జాబాలుడి కథ అంటే ప్రాణం. చదువుకోసం వచ్చినవాణ్ణి గోత్రం ఏమిటని గురువు గౌతముడు అడిగితే, ఇళ్ళల్లో పనిచేస్తూ తనని కన్న తల్లికి కూడా అది తెలియదని కుర్రాడు ఉన్నదున్నట్టు చెప్పాడు, గురువు చేర్చుకున్నాడు. మనవాళ్ళు పుట్టుకని చూళ్ళేదే, సత్యాన్ని చూశారు, అనేవారు నాన్న. నేనూ ఈ కథని ఇక్కడి పిల్లలకి చెప్పి మంచిపేరు కొట్టేశాను.

ఆ రాత్రి పుస్తకం తీసి మళ్ళీ చదివాను. బ్రాహ్మణుడు కానివాడు ఇలా మాట్లాడలేడు: గౌతముడు చెప్పిన కారణం అదీ. అంటే ఒక్కణ్ణి లోపలికి తీసుకుని, వీడు మొదట్నుంచీ లోపలివాడేనని తేల్చేశాడు. బయట మిగిలినవాళ్ళ మీద అభిప్రాయం వెంట్రుకవాసి కదల్లేదు. ఇది నా అతితెలివి అనుకోకండి. బ్రహ్మసూత్రాల మొదటి అధ్యాయం మూడో పాదంలో, శూద్రుడికి వేదవిద్యలో అధికారం లేదని తేల్చేచోట శంకరుల భాష్యం సాక్ష్యానికి పిలిచింది ఈ జాబాలుణ్ణే. శూద్రుడు కాదని నిశ్చయమయ్యాకే కదా గౌతముడు ఉపనయనానికి పూనుకున్నాడు అని వాదం. నాన్న తలుపనుకున్నదాన్ని శాస్త్రం గడియగా వాడుకుంది. ఆయన ఉండుంటే మా ఇద్దరికీ పెద్ద పోట్లాటే అయ్యేది.

మా శాస్త్రానికీ ఒక గౌతముడున్నాడు, జి. స్టాన్లీ హాల్. 1904లో రెండు లావుపాటి సంపుటాలు రాసి కౌమారాన్ని ఒక చదువుగా నిలబెట్టిన మనిషి. అందులోనే ఒక అధ్యాయం 'కౌమార జాతుల' గురించి. లోకంలో కొన్ని జాతులు మొత్తానికి మొత్తం ఇంకా ఎదగని పిల్లలేనని. అదే హాల్ దగ్గర, క్లార్క్ యూనివర్సిటీలో, 1920లో ఫ్రాన్సిస్ సెసిల్ సమ్నర్ పీహెచ్‌డీ తీసుకున్నాడు. అమెరికాలో మనస్తత్వశాస్త్రంలో ఆ పట్టా పొందిన మొదటి నల్లజాతి మనిషి. హైస్కూలు మొహం చూడకుండా ఇంట్లోనే చదువుకుని, పదిహేనేళ్ళకి పరీక్ష రాసి కాలేజీలో చేరినవాడు. తర్వాత హోవర్డ్‌లో విభాగాధిపతి అయ్యాడు. అక్కడ ఆయన దగ్గర చదువుకున్న కెనెత్ క్లార్క్, భార్య మేమీ కలిసి చేసిన బొమ్మల ప్రయోగాలు, తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ వేరువేరు బడులు చెల్లవన్న 1954 సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్ళాయి. తీర్పు మేలో వచ్చింది. సమ్నర్ ఆ జనవరిలోనే పోయాడు.

గురువు దోషం విద్యకి అంటుతుందా? ఈ వరస చూస్తే అంటదనే అనిపిస్తుంది. కానీ ఆ మాట గురువు నోట రావడం ఏం బాగుంటుంది? అంటకుండా చూసుకున్నది సమ్నర్. హాల్‌కి అందులో పెద్ద ఖర్చేమీ కాలేదు.

గౌతముడు శిష్యుడికి మొదట అప్పజెప్పింది నాలుగు వందల బక్క ఆవుల్ని. వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని కుర్రాడు అడవికి తోలుకుపోయాడు. మా ల్యాబులో ఆవులంటే టేపులు; గంట టేపుకి అయిదారు గంటల టైపింగు. సత్యకాముడికి దారిలో బ్రహ్మవిద్య చెప్పినవాళ్ళు ఎద్దు, అగ్ని, హంస, నీటిపక్షి. తిరిగొచ్చిన పిల్లాడి ముఖం చూసి గౌతముడు, నీకెవరు నేర్పారు అని అడిగాడు. ఆయనలో నాకిప్పటికీ నచ్చేది ఆ ప్రశ్న. నేనది అడగలేదు. అరుదు, అన్నాను.

ఈ అమ్మాయి మెక్‌నెయిర్ స్కాలర్. 1986లో చాలెంజర్ ప్రమాదంలో పోయిన వ్యోమగామి రొనాల్డ్ మెక్‌నెయిర్ పేరిట, ఇలాంటి పిల్లల్ని పీహెచ్‌డీ దాకా నడిపించడానికి ప్రభుత్వం పెట్టిన పథకం అది. దరఖాస్తులకి నేను సిఫారసు లేఖ రాయాలి. మొదటి వాక్యం అలవాటుగా వచ్చేసింది, ఇంగ్లీషులో చక్కగానే ఉంది. మనసులో తెలుగు చేసుకుంటే గొంతులో ముల్లు తగిలింది: 'అలాంటి చోటు నుంచి వచ్చినా'. ఆ 'నా' ఎక్కడిదో నాకు తెలుసు. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు నా కాగితం ఎత్తి చూపిస్తూ, "ఆడపిల్లవైనా మగాడిలా చేశావే!" అన్నారు. నెల్లాళ్ళు నా కాళ్ళు నేల మీద లేవు. వెనక బెంచీల్లో ఇంకో పద్దెనిమిది మంది ఆడపిల్లలున్నారు. వాళ్ళు ఆ మాట ఎలా విన్నారో నేనెప్పుడూ అడగలేదు. ఇద్దరు ఇప్పటికీ ఫోన్లో దొరుకుతారు.

వాక్యం కొట్టేశాను. ఇప్పుడు లేఖ ఇలా మొదలవుతోంది: నేను ఏళ్ళ తరబడి తప్పుగా విన్న చప్పుడు ఒకటుంది, ఈ విద్యార్థిని దాన్ని సరిగ్గా విని నాకు నేర్పింది. కమిటీవాళ్ళు దీన్ని ఏ కోడ్ కింద వేస్తారో మరి. గడువు డిసెంబరు 1. ఇంకా పంపలేదు.