ఏ పిలుపుకి పలకాలి?

ఈ వారం వీడియోలో గీత ఆరో అధ్యాయంలో, మనసు గాలిలాంటిదని అర్జునుడు మొర పెట్టుకునే చోటు దాకా వచ్చాం. వీడియోలో సమయం చాలక వదిలేసిన ఒక విషయం ఇక్కడ రాస్తున్నా. ఆఫీసులో పని చేసుకుంటూ ఉంటే ధ్యాస పదిచోట్లకి పోవడం గురించి.

దీనికి మన భాషలో చక్కటి మాట ఉంది, పరధ్యానం. ఆ మాటలోనూ ధ్యానం ఉంది చూడండి. మనసు ఖాళీగా ఏమీ లేదు, దేన్నో ఒకదాన్ని పట్టుకునే ఉంది. మన ముందున్నదాన్ని కాదు, అంతే.

ఏకాగ్రత అనగానే అందరూ చెప్పే కథ ద్రోణుడి పరీక్ష. చెట్టు మీద బొమ్మ పిట్టని పెట్టి, ఏం కనిపిస్తోందని శిష్యుల్ని అడుగుతాడు. ధర్మరాజుకి చెట్టు, గురువు, తమ్ముళ్లు అందరూ కనిపించారు. పక్కకి తప్పుకోమన్నాడు గురువు. అర్జునుడికి పిట్ట కన్ను ఒక్కటే కనిపించింది. (వ్యాసభారతంలో తల అని ఉంటుంది, మన ఇళ్లలో చెప్పుకునేటప్పుడు కన్ను అయింది.) ఇంజనీరింగ్‌లో ఉండగా ఈ కథ వినిపించని మోటివేషన్ క్లాసు లేదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టు, హెడ్‌ఫోన్స్ తగిలించుకో, నువ్వే అర్జునుడివి అన్నట్టు చెప్పేవాళ్లు.

కానీ ఆ పరీక్ష కొన్ని క్షణాలది. అదే అర్జునుడు ఎన్నో ఏళ్ల తర్వాత, యుద్ధభూమిలో నిలబడి, మనసుని ఆపడం గాలిని ఆపినంత కష్టం అంటున్నాడు (6వ అధ్యాయం, 34వ శ్లోకం). కృష్ణుడు కూడా కాదనలేదు. కష్టమే అని ఒప్పుకుని, అభ్యాసంతో, వైరాగ్యంతో పట్టుబడుతుందని చెప్పాడు. పిట్ట కన్ను చూసినవాడికే ఇంత కష్టమైతే, రోజుకి తొమ్మిది గంటలు స్క్రీన్ ముందు కూర్చునే మన సంగతి చెప్పేదేముంది?

ఇంకో కథ కూడా అందరికీ తెలుసు, కానీ ఏకాగ్రత గురించి మాట్లాడేటప్పుడు దాన్ని ఎవరూ తీయరు. అరణ్యపర్వం చివర వచ్చే యక్షుడి కొలను. దాహంతో ముందు నకులుడు వెళ్లాడు. ఈ నీళ్లు నావి, నా ప్రశ్నలకి జవాబు చెప్పి తాగు అని ఒక గొంతు వినిపించింది. లెక్కచేయకుండా తాగి పడిపోయాడు. సహదేవుడూ అంతే. అర్జునుడు ఆ గొంతు వచ్చిన వైపు బాణాలు కూడా వేశాడు! తర్వాత నీళ్లు తాగి పడిపోయాడు. ఆ తర్వాత భీముడు. ధర్మరాజు ఒక్కడే దాహాన్ని ఆపుకుని, ఆగి, ఆ గొంతుకి బదులిచ్చాడు. చివర్లో నీ తమ్ముళ్లలో ఒకణ్ణి బతికిస్తానంటే నకులుణ్ణి అడిగాడు. కుంతి కొడుకుగా నేనున్నాను, మాద్రికీ ఒక కొడుకు ఉండాలి అని.

అంటే పిట్ట పరీక్షలో తప్పుకోమనిపించుకున్న అదే చూపు ఇక్కడ పనికొచ్చింది. ఎదురుగా లేని మాద్రి కూడా ఆయనకి కనిపించింది. అర్జునుడి దృష్టి ఇక్కడా నీళ్ల మీదే ఉంది, ఏకాగ్రతకి లోటేమీ లేదు. వినాల్సిన గొంతుని అడ్డంకి అనుకోవడమే అతను చేసిన పొరపాటని నాకనిపిస్తుంది.

అందుకే "డిస్ట్రాక్షన్స్ ఎలా తగ్గించుకోవాలి?" అనే ప్రశ్నకి ముందు ఇంకో ప్రశ్న ఉందనుకుంటా. మన ధ్యాస మీద ఎవరికి హక్కుంది?

ఇది నాకు పుస్తకం చదివితే వచ్చిన ఆలోచన కాదు. రెండేళ్ల కిందట, వినాయక చవితి ముందు రోజు. డబ్బుల లెక్కలు సరిచూసే ప్రోగ్రామ్ ఒకటి నేను రాయాలి. మధ్యాహ్నానికల్లా ఇచ్చేస్తానని చెప్పాను. నేనిచ్చాక టెస్టింగ్ చేయాల్సిన అమ్మాయి నాకంటే మూడేళ్లు చిన్న, రాత్రి తొమ్మిదిన్నరకి మియాపూర్‌లో రాజమండ్రి బస్సు ఎక్కాలి. నేను ఇచ్చేసరికి రాత్రి ఎనిమిదయింది. ఆమె పని ముగించేసరికి ఒంటిగంట. నన్ను ఒక్క మాట అనలేదు. "పర్లేదు అన్నా, పొద్దున్న బస్సుకి వెళ్తాలే" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టక, అసలు పగలంతా ఏం చేశానా అని వెనక్కి వెళ్లి చూసుకున్నా. ఇన్‌స్టాగ్రామ్ తెరవలేదు, క్రికెట్ స్కోరు కూడా చూడలేదు. టీమ్ గ్రూప్ చాట్‌లో మాత్రం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నలభైకి పైగా జవాబులు ఇచ్చాను. ఎవరికో లాగిన్ రావట్లేదు, ఎవరికో ఒక కమాండ్ గుర్తులేదు, ఎవరి కోడ్‌లోనో చిన్న తప్పు. ప్రతిదాని కింద థ్యాంక్స్, చప్పట్ల బొమ్మలు. నా పని కష్టంగా ఉంది, గంట కూర్చున్నా కదలట్లేదు. వాళ్ల పనులు రెండు నిమిషాల్లో తెగిపోతున్నాయి, పైగా మెచ్చుకోలు. సాయం చేస్తున్నాననుకుంటూ నా పని నుంచి పారిపోయాను.

ఇతరుల పని ఎంత చక్కగా చేసినా, లోపాలున్నా సరే మన ధర్మమే మేలని మూడో అధ్యాయంలో (35వ శ్లోకం) కృష్ణుడు చెప్పేది నాకు అంతకుముందు ఎప్పుడూ సరిగ్గా ఎక్కలేదు. ఆ రోజు ఎక్కింది. చెడ్డ పనులు మన ధ్యాసని లాగితే తెలిసిపోతుంది, సిగ్గేస్తుంది, వెనక్కి వస్తాం. మంచి పనిలా కనిపించేది లాగితే సాయంత్రానికి అలసట కూడా నిజంగానే ఉంటుంది, కష్టపడ్డామన్న తృప్తీ ఉంటుంది. దాని ఖర్చు మాత్రం ఎక్కడో ఇంకొకళ్లు కడతారు.

అలాగని ఎవరికీ పలకకుండా తలుపేసుకోమని కాదు. ప్రొడక్షన్ సపోర్ట్‌లో ఉన్నవాళ్లకి పిలుపుకి పలకడమే పని, వాళ్ల స్వధర్మమే అది. నాది అది కాదు, అంతే తేడా.

అప్పట్నుంచి ఒక చిన్న అలవాటు చేసుకున్నా. ల్యాప్‌టాప్ తెరిచేముందు ఒక కాగితం మీద, ఈ రోజు నా పని కోసం ఎవరు ఆగి ఉన్నారు, ఎన్ని గంటలకి వాళ్లకది కావాలి అని రాసుకుంటా. ముందు మనుషుల పేర్లు, వాటి కింద పనులు. ఇంతకుముందు యాప్‌లో ఇరవై పనుల జాబితా ఉండేది, తేలికైనవి కొట్టేసి సంతోషపడేవాణ్ణి. పేరు పక్కన కనిపిస్తే అంత సులువుగా దాటేయలేం. చాట్ పదకొండున్నరకి, మూడుకి, అయిదున్నరకి చూస్తా, అర్జెంటయితే ఫోన్ చేయమని అందరికీ చెప్పా. ఆలస్యమయ్యేలా ఉంటే ఆ మాట మధ్యాహ్నంలోపే చెప్పేస్తా. ఆ రోజు నేను అదొక్కటి చేసినా ఆమె టికెట్ మార్చుకునేది.

పూజకి ముందు సంకల్పం చెప్పుకుంటాం కదా. సంవత్సరం, మాసం, తిథి, మన గోత్రం, పేరు, ఇంట్లోవాళ్ల క్షేమం కోసమని, ఫలానా పూజ చేస్తున్నానని. ఎవరి కోసం అన్నది కూడా అందులో ఉంటుంది. నా కాగితానికి మూలం అదే.

ఇంత చేసినా మనసు పోతుంది, అందులో అనుమానం లేదు. జపమాలకి నూటెనిమిది పూసలు ఎందుకు పెట్టారో అనుకునేవాణ్ణి. మనసు నిలిచేదే అయితే వేలికి పూస ఆసరా అక్కర్లేదు. పోయిన ప్రతిసారీ వెనక్కి తీసుకురమ్మని ఆరో అధ్యాయం 26వ శ్లోకంలో ఉంది. పోయినందుకు తిట్టుకోమని లేదు. మధ్యలో కరెంటు బిల్లు గుర్తొస్తే కాగితం పక్కన రాసి మళ్లీ పనిలోకి వస్తా. కొన్ని రోజులు ఆ పక్క రాతలే అసలు జాబితా కంటే పొడుగ్గా ఉంటాయి!

ఆ అమ్మాయికి సారీ చెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆమె నవ్వింది. తను ఇంటికి వెళ్లేసరికి పూజ అయిపోయిందట. "చంద్రుణ్ణి చూస్తే నిందలు వస్తాయని మా అమ్మ నా ఒక్కదానికోసం కథంతా మళ్లీ చదివి అక్షింతలు వేసింది అన్నా" అంది. ఇప్పుడు వేరే టీమ్‌లో ఉంది.

మొన్న చవితి ముందు రోజు నా కాగితం మీద మొదటి పేరు కొత్తగా చేరిన కుర్రాడిది. ఏడున్నరకి శ్రీకాకుళం బస్సు. రెండున్నరకి ఇచ్చేశాను. మూడింటికి చాట్ తెరిస్తే, చదవని మెసేజ్‌లు ముప్పై ఒకటి ఉన్నాయి.